ఆరువందల మీటర్ల దగ్గర

ఫిబ్రవరి 9

మళ్లీ అదే చోట.

ఒకటిన్నర చుట్టు దాకా నేనే ముందున్నాను. ఊపిరి బాగుంది, కాళ్లు బాగున్నాయి. ఇంకా రెండువందల మీటర్లే ఉన్నాయనగా కడుపులో ఎవరో తడిబట్టను మెలిపెట్టి పిండినట్టయింది. ఆ తర్వాత పరుగు నా చేతిలో లేదు. ఒకరి వెనక ఒకరు ముగ్గురు దాటిపోయారు. గీత దాటాక కూడా నేను ఆగలేదు. అదే ఊపున షెడ్డు వెనకనున్న మరుగుదొడ్డి దాకా పరిగెత్తాను. "అంత తొందరగా ఎక్కడికమ్మా, కప్పు ఇక్కడిస్తారు" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

బయటికి వచ్చేసరికి మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మా కంపెనీ జట్టుకి పరుగు నేర్పేది ఆయనే. ఒకప్పుడు హర్డిల్స్ పరిగెత్తిన మనిషి. ఇప్పుడు ఎడమ మోకాలు వంగదు, ఆ కాలు చాపుకునే కూర్చుంటారు.

"రెండు నిమిషాల ఇరవై రెండు" అన్నారు. కిందటి నెలలో నాది రెండు నిమిషాల పన్నెండు. "పొద్దున ఏం తిన్నావు?"

"అరటిపండు. కాఫీ."

"కాఫీ మానెయ్."

కాఫీయే అయ్యుంటుంది. రేపట్నుంచి మానేస్తాను.

ఫిబ్రవరి 12

కాఫీ మానేశాను. తలనొప్పి వచ్చింది. కడుపు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

ఫిబ్రవరి 16

ఫ్యాక్టరీలో నా పని చూడటం. వెలుగుతున్న తెల్లటి అద్దం ముందు నుంచి ఖాళీ సీసాలు బారులు తీరి పోతుంటాయి. పగులు గానీ, బుడగ గానీ, మూతి చిట్లింది గానీ కనిపిస్తే తీసి పక్క తొట్టిలో వెయ్యాలి. ఇరవై నిమిషాలు చూస్తే ఇరవై నిమిషాలు విశ్రాంతి. ఆ ఇరవై నిమిషాల్లో రెప్ప ఎక్కువసేపు వాల్చినా పగిలిన సీసా దాటిపోతుంది. ఇవాళ నా వంతులో మరుగుదొడ్డికని రెండుసార్లు చెయ్యెత్తాను. రెండోసారి సూపర్‌వైజరే వచ్చి నా కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది.

"ఏమ్మా, నీకో షిఫ్టు, నీ కడుపుకో షిఫ్టు వెయ్యమంటావా?" అన్నాడు.

పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మంచివాడే. వారానికి రెండు మధ్యాహ్నాలు నన్ను ప్రాక్టీసుకి వదిలేది ఆయనే.

ఏడేళ్లుగా ఆ అద్దం ముందు నేను ఒక జత కళ్లు మాత్రమే. మెడ కింద ఏముందో ఎవరికీ అక్కర్లేదు. మైదానంలో ఆ రెండు నిమిషాలు మాత్రం తల నుంచి మడమ దాకా మొత్తం నేనే ఉంటాను. ఇది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

ఏప్రిల్ ఇరవైన సెలక్షన్. కంపెనీల పోటీకి ఎనిమిది వందల మీటర్లలో ఒక్కరినే పంపుతారు. నేనో, పొడుగో.

ఫిబ్రవరి 19

పొడుగు ప్యాకింగ్‌లో చేస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లు. నాకన్నా తలెత్తు ఎక్కువ, అందుకే ఆ పేరు. దాని ఒక అంగ నాకు అంగన్నర. అయినా ఈ రెండేళ్లలో నన్ను ఒక్కసారీ దాటలేదు. కడుపు సంగతి మొదలయ్యేదాకా.

ఇవాళ ప్రాక్టీసుకి ఒక సీసా తెచ్చింది.

"బీట్‌రూట్ రసం అక్కా. రక్తం పడుతుందంట, దమ్ము పెరుగుతుందంట. రోజూ తాగు."

"నీకు పోటీ నేనే కదే. నాకెందుకు ఇస్తున్నావు?"

"నువ్వు పడుకుని ఉంటే గెలిచి ఏం చేసుకోను?"

తాగాను. మట్టి వాసన. మంచిపిల్ల.

ఫిబ్రవరి 27

పాలు మానేశాను. గుడ్లు మానేశాను. పచ్చి కూరలు మానేశాను. అమ్మ పొద్దున్నే అల్లం వేసి కాచిన నీళ్లు ఇస్తోంది. తింటే నొప్పి, తినకపోతే నీరసం.

మార్చి 3

మరుగుదొడ్డిలో ఎర్రగా కనిపించింది. ఒక్క క్షణం గుండె ఆగినంత పనయింది. తర్వాత బీట్‌రూట్ రసం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

మార్చి 8

కంపెనీ డాక్టరు దగ్గరికి మాస్టారు తీసుకెళ్లారు. వద్దన్నాను, వినలేదు. గదిలోకీ వచ్చారు. నా పక్కనే కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నారు.

డాక్టరు కడుపు నొక్కి చూశాడు. "ఎప్పుడొస్తుంది నొప్పి?"

"పరిగెత్తేటప్పుడండీ."

"మామూలప్పుడు?"

"అప్పుడప్పుడు."

అప్పుడప్పుడు అంటే రోజుకి నాలుగైదు సార్లు. అది చెప్పలేదు.

"రక్తం ఏమైనా పడుతోందా?"

మాస్టారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. నాకు పన్నెండేళ్లప్పట్నుంచి తెలిసిన మనిషి. నా కాళ్లలో ఏ కండ ఎప్పుడు పట్టేస్తుందో నాకన్నా ముందే చెబుతారు. ఆయన ముందు అలాంటి మాట ఎలా చెప్పను?

"లేదండీ."

నేను అబద్ధం చెప్పలేదు. అది బీట్‌రూటే.

డాక్టరు కాగితం మీద ఏదో రాసి, పెన్ను మూత పెట్టాడు. "ఏమీ లేదమ్మా. టెన్షన్. పోటీ దగ్గరపడుతోంది కదా. మనసు కుదురుగా ఉంటే కడుపూ కుదురుగా ఉంటుంది."

బయటికొచ్చాక మాస్టారి మొహం తేటపడింది. "నేను అనుకున్నదే. భయం కొందరికి కాళ్లలోకి దిగుతుంది, కొందరికి కడుపులోకి. పోగొట్టుకుందాంలే" అన్నారు.

నాకూ తేలిగ్గానే అనిపించింది. భయమే అయితే అది నాదే కదా. నాది నేను తీసెయ్యగలను.

మార్చి 9

నాకు భయం లేదు.

మార్చి 10

నాకు భయం లేదు. పొద్దున అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు అన్నాను. పద్నాలుగోసారికి వెళ్లాల్సి వచ్చింది.

మార్చి 14

ప్రాక్టీసులో ఆరువందల దగ్గర ఆగిపోయాను. ఆగడం కాదు, నడుం వంచి రెండు చేతులతో కడుపు పట్టుకుని గడ్డిలో కూర్చున్నాను. జట్టు మొత్తం అక్కడే ఉంది.

మాస్టారు కుంటుకుంటూ మైదానం అడ్డంగా వచ్చారు. "లే."

"నొప్పి మాస్టారూ."

"నొప్పి కాదు. ఆ చోటు రాగానే నీకు నొప్పి గుర్తొస్తుంది. అలవాటు పడ్డావు. కాళ్లున్నాయి నీకు, గుండె లేదు."

అందరూ వేరే దిక్కు చూశారు. పొడుగు ఒక్కత్తే నా వంక చూసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

లేచాను. ఆ రెండువందలూ నడిచి పూర్తిచేశాను. ఆయన చెప్పింది నిజమేనేమో. పన్నెండేళ్ల వయసులో నన్ను ఈ మైదానం గేటు దగ్గర ఆడుకుంటుంటే చూసి పిలిచింది ఆయనే. ఆయన నా గురించి ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

మార్చి 21

కొత్త పద్ధతి. పరిగెత్తే రోజు ముందు సాయంత్రం నుంచి ఏమీ తినను. లోపల ఏమీ లేకపోతే ఏం వస్తుంది?

మార్చి 23

లోపల ఏమీ లేకపోయినా వస్తుంది.

మార్చి 25

బీట్‌రూట్ రసం మానేశాను. పొడుక్కి చెప్పలేదు. అది ఇచ్చిన సీసా మొక్కల్లో పోశాను.

మార్చి 29

నా నిక్కరు నడుము వదులైందని చెబుదామనుకునేలోపే అమ్మ దాన్ని కుట్టి పెట్టింది. ఫ్యాక్టరీ ప్యాంటూ కుట్టింది. ఎంత తగ్గానో అడగలేదు. టేపు కూడా పెట్టలేదు, చేత్తోనే కొలుచుకున్నట్టుంది.

ఇంట్లో మేమిద్దరమే. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు, గౌన్లు, దిండు గలీబులు. ఏ మరక ఏమిటో మడత విప్పకుండానే చెప్పగలదు.

ఏప్రిల్ 3

బీట్‌రూట్ మానేసి తొమ్మిది రోజులైంది.

ఏప్రిల్ 4

వేడి చేసుంటుంది. ఎండలు ముదిరాయి కదా. వేడి చేస్తే అలా పడుతుందని ఎక్కడో విన్నాను. నీళ్లు బాగా తాగాలి.

ఏప్రిల్ 11

తెల్లారుతుండగా మెలకువ వచ్చింది. పరుగున వెళితే, నీళ్లగదిలో అమ్మ పీట మీద కూర్చుని నా లోబట్టలు ఉతుకుతోంది. నా బట్టలు నేనే ఉతుక్కుంటాను, ఎప్పుడూ.

"నువ్వెందుకమ్మా?"

"చన్నీళ్లలో నానబెట్టాలి. వేడినీళ్లు పోస్తే పట్టేసుకుంటుంది" అంది.

తల ఎత్తలేదు. ఏం మరక అని ఆవిడ అనలేదు. ఏం మరక అని నేనూ అడగలేదు. ఆవిడ పక్కనుంచే లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. నేను బయటికొచ్చేదాకా అమ్మ కుళాయి కట్టలేదు, శబ్దం వినబడకుండా.

ఏప్రిల్ 17

"ఈ ఏడాదికి పరుగు మానెయ్" అంది అమ్మ, బ్రెడ్డు కోస్తూ.

"మూడు రోజుల్లో సెలక్షన్."

"అందుకే అంటున్నాను."

"భయం అమ్మా, అంతే. డాక్టరు చెప్పాడు."

అమ్మ ఇంకేదో అనబోయింది. కత్తి కడిగి బోర్లించింది.

ఏప్రిల్ 19

రేపు. నాకు భయం లేదు. రెండు రోజులుగా నీళ్లూ గంజీ తప్ప ఏమీ లేదు. ఒంట్లో బరువు లేదు, గాలిలా ఉంటాను. ఈసారి పట్టుకోదు. పట్టుకున్నా వదలను. రెండువందల మీటర్లంటే ముప్పై అయిదు సెకన్లు. ఏ నొప్పైనా ముప్పై అయిదు సెకన్లు భరించలేమా?

ఏప్రిల్ 20

రాయలేను.

ఏప్రిల్ 21

ఫ్యాక్టరీకి వెళ్లలేదు.

ఏప్రిల్ 23

రాసెయ్యాలి. ఎవరూ చదవరు. నేనూ మళ్లీ చదవను.

ఆరుగురం నిలబడ్డాం. తెల్ల నిక్కర్లు, నీలం బనియన్లు, కంపెనీ ఇచ్చినవే. జనం ఎక్కువ లేరు. మూడు విభాగాల వాళ్లు, ఆఫీసు వాళ్లు కొందరు, సూపర్‌వైజరు తన కూతురితో.

మొదటి చుట్టు అద్భుతంగా వెళ్లింది. అది మాత్రం రాసుకోవాలి. పొడుగు నా భుజం వెనకే ఉంది, దాని ఊపిరి నా మెడకి తగులుతోంది. గంట మోగింది. అరవై మూడు, అని మాస్టారు అరవడం వినిపించింది. అంత వేగంగా నేనెప్పుడూ మొదటి చుట్టు తిరగలేదు. మలుపు తిరిగాను. ఎదురుగా షెడ్డు వైపు తిన్నటి దారి. నొప్పి లేదు. ఏమీ లేదు. పోయింది, భయం పోయింది అనుకున్నాను.

ఆరువందల దగ్గర వచ్చింది. ఇదివరకటిలా పిండడం కాదు. లోపల ఏదో తెగినట్టు. వదలకూడదు, ముప్పై అయిదు సెకన్లు, అనుకున్నాను. వదలలేదు నేను. అదే వదిలేసింది.

తొడల మీదుగా వెచ్చగా జారడం తెలిసింది. అయినా పరిగెత్తాను. పది అంగలో, పదిహేనో. ఎందుకు పరిగెత్తానో తెలియదు. ఆగితే అందరూ చూస్తారు, పరిగెత్తితే చూడరు అనుకున్నానేమో. పొడుగు దాటింది. దాటుతూ పక్కకి చూసింది. దాని మొహం చూశాక కిందికి చూసుకున్నాను. తెల్ల నిక్కరు. రెండు రంగులు. ఒకటి అందరికీ తెలిసిన రంగు. రెండోది ఎరుపు.

కూర్చుండిపోయాను. లేస్తే కనిపిస్తుంది, కూర్చుంటే కనిపించదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పొడుగు గీత దాటింది. గెలిచింది. ఆ గీత మీంచే వెనక్కి తిరిగి, బెంచీ మీద తన పొడవాటి జాకెట్టు తీసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నా నడుముకి చుట్టి ముడేసింది. రొప్పుతోంది.

"లే అక్కా. నా మీద చెయ్యి వెయ్యి."

"కంపు కొడుతున్నాను."

"నేను చెమట కంపు, నువ్వు ఆ కంపు. లే."

షెడ్డు వైపు నడిచాం. మాస్టారు దారిలో నిలబడి ఉన్నారు. ఆయన చూపు నా కాలి మీద ఉంది, మేజోడులోకి దిగిన ఎరుపు మీద. పక్కకి తప్పుకున్నారు.

తల కొట్టేసినట్టుంది. ఇంకెప్పుడూ ఆ గేటు దాటి లోపలికి అడుగుపెట్టను.

ఏప్రిల్ 24

నిక్కరు సంచిలోనే ఉందనుకున్నాను. ఉతికి ఆరేసి ఉంది. తెల్లగా. ఒక్క మరక లేదు.

ఏప్రిల్ 26

అమ్మ ఇవాళ పనికి వెళ్లలేదు. చెప్పులు వేసుకుని నా మంచం దగ్గర నిలబడింది.

"పద."

"ఎక్కడికి?"

"పెద్దాస్పత్రికి. మా లాండ్రీ పైన మూడో అంతస్తు. పేగుల డాక్టరుంది."

రిక్షా ఎక్కలేకపోయాను. అమ్మే ఎత్తినంత పనిచేసింది. నేను ఇంత తేలికయ్యానని అప్పుడే తెలిసింది.

పేగుల డాక్టరు మా అమ్మ వయసావిడ. తొందర లేకుండా అడిగింది. ఎన్నాళ్లుగా, రోజుకి ఎన్నిసార్లు, రక్తం ఎంత. అమ్మ ఉంది కాబట్టి అబద్ధం చెప్పడం కుదరలేదు. అమ్మకి నాకన్నా బాగా తెలుసు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా?"

"లేదండీ" అన్నాను.

అమ్మ చేతిసంచి పిడిని పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది.

"మా అక్కకి ఉండేది" అంది.

అమ్మకి ఒక అక్క ఉండేదని నాకు తెలుసు. విషజ్వరంతో ముప్పై ఏళ్లకే పోయిందని చెప్పేవారు. ఆ పెద్దమ్మ ఫోటో ఒకటి ఇంట్లో ఉంది.

"ఇలాగే. రెండేళ్లు. బక్కచిక్కి, రక్తం పోయి పోయి... డాక్టరుకి చూపించలేదు. మగ డాక్టరు, ఎలా చూపిస్తామంది మా అమ్మ. చివరికి జ్వరమని చెప్పుకున్నాం."

డాక్టరు రాయడం ఆపి అమ్మ వైపు చూసింది.

ఏప్రిల్ 27

ఆస్పత్రిలోనే ఉంచుకున్నారు. రేపు లోపలికి గొట్టం వేసి చూస్తారట. అంతకుముందు నాలుగు సీసాల ఉప్పునీళ్లలాంటి మందు తాగాలి. తాగుతుంటే అమ్మ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ గ్లాసు అంచు వేలితో తుడిచింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనేది మా అమ్మ. అక్క సంగతి ఎక్కడా ఎత్తొద్దని ఒట్టేయించుకుంది. నీది మొదలైనప్పుడు, కాదులే, ఇది పరుగువల్లే, ఆపేస్తే తగ్గుతుందిలే అనుకున్నాను. నువ్వు ఆపలేదు. నేను... ఉతుకుతూ కూర్చున్నాను."

కోపం వచ్చింది. గ్లాసు నేలకేసి కొట్టాలనిపించింది. కానీ కంపెనీ డాక్టరు గదిలో 'లేదండీ' అన్నది ఎవరు? బీట్‌రూట్ అన్నది ఎవరు? ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరం ఒకే మరకని దాచుకున్నాం. నేను ఆవిడ దగ్గర, ఆవిడ నా దగ్గర.

గ్లాసు అందుకుని మిగిలింది తాగాను.

ఏప్రిల్ 30

దానికో పేరుంది. పెద్ద పేగు లోపల పుళ్లు. మన ఒంట్లో మనల్ని కాపాడాల్సిందే మన పేగు మీద పడి కొరుకుతుందట. అంటురోగం కాదు, తిండివల్ల వచ్చింది కాదు.

"భయం వల్లనా?" అని అడిగాను.

"కాదమ్మా. భయపడితే ఇబ్బంది ఎక్కువ కావచ్చు. భయం వల్ల పుళ్లు పడవు" అంది డాక్టరు.

ఏడ్చాను. ఆవిడ రోగం గురించి అనుకుంది. కాదు. ఇన్నాళ్లూ అద్దం ముందు నిలబడి తిట్టుకున్న మనిషి గుర్తొచ్చి ఏడ్చాను.

"పూర్తిగా తగ్గుతుందా?"

"అదుపులో ఉంటుంది. కొన్నాళ్లు అణిగి ఉంటుంది, కొన్నాళ్లు లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. మందులు మాత్రం మానకూడదు."

అంటే ఇది నాతోనే ఉంటుంది. పెట్టే బేడా సర్దుకుని వచ్చేసింది.

మే 2

మాస్టారు వచ్చారు. మంచం పక్కన కాలు చాపుకోవడానికి చోటు లేక నిలబడే ఉన్నారు. యాపిల్ పళ్లు తెచ్చారు. నేను తినకూడదని నర్సు చెబితే వాటిని మళ్లీ సంచిలో పెట్టుకున్నారు.

ఆయన క్షమాపణ చెబుతారేమోనని భయం వేసింది. చెప్పలేదు. డాక్టరు రౌండ్లకి వచ్చినప్పుడు మాత్రం ఆవిడని తలుపు దగ్గర ఆపి అడిగారు.

"డాక్టరుగారూ, ఈ అమ్మాయికి వస్తోందని తెలిశాక ఎంతసేపు వ్యవధి ఉంటుంది?"

"వ్యవధి అంటే?"

"ఎన్ని సెకన్లు?"

డాక్టరు ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ విన్నట్టు లేదు. నా వైపు చూసింది.

"ఇరవై" అన్నాను. "ఒక్కోసారి పది."

ఆయన తల ఊపి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. వెళ్లిపోయారు.

మే 19

ఇంటికొచ్చాను. ఈ మందుకి మొహం పొంగింది, చంద్రబింబంలా. ఆకలి విపరీతం. ఇది ఆటల్లో నిషేధించిన మందట, వేసుకుంటూ పోటీలో నిలబడకూడదట, ముందుగా కాగితాలు పెట్టి అనుమతి తెచ్చుకోవాలట. నన్ను నిలబెట్టే మందు వేసుకుంటే గీత దగ్గర నిలబడనివ్వరు. గోరుచుట్టు మీద రోకలిపోటు.

ఏ గీత? ఎవరు పిలుస్తున్నారని?

జూన్ 6

కంపెనీల పోటీలో పొడుగు మూడోదిగా వచ్చింది. రెండు నిమిషాల తొమ్మిది. ఫోను చేసి చెప్పి, వెంటనే "నీ ఒంట్లో ఎలా ఉంది అక్కా" అని మాట మార్చింది.

సంతోషించాను. నిజంగానే. తర్వాత దిండులో మొహం పెట్టుకున్నాను.

జూన్ 15

పనిలోకి వెళ్లాను. సీసాల దగ్గర కాదు. లేబుళ్ల గదిలో కుర్చీ వేశారు, మరుగుదొడ్డికి నాలుగు అడుగులు. చెయ్యెత్తక్కర్లేదు, అడగక్కర్లేదు. సూపర్‌వైజరు "ఏం కావాలన్నా చెప్పమ్మా" అన్నాడు. జోకు వెయ్యలేదు. ఎవరూ వెయ్యడం లేదు. నేను రాగానే మాటలు ఆపుతున్నారు.

జూలై 28

ఆరు వారాలుగా అణిగి ఉంది. రెండు కిలోలు పెరిగాను. నిన్న వీధి చివరి దాకా పరిగెత్తాను, బస్సు కోసం. ఏమీ కాలేదు.

ఆగస్టు 3

లేచింది. పదకొండుసార్లు. ఎందుకో తెలియదు. నేను ఏ తప్పూ చెయ్యలేదు. ఒక్క మాత్ర మానలేదు. ఎవరి మీద అరవాలో తెలియదు.

ఆగస్టు 4

అదే.

ఆగస్టు 9

అమ్మ బట్టలు ఉతుకుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ నానబెట్టింది, నేను పిండాను. "ఇవాళ తక్కువే" అంది అమ్మ. "నిన్నటికన్నా తక్కువే" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం. ఇదివరకు అది కూడా లేదు.

పెద్దమ్మ ఎలా ఉండేదని అడిగాను. "నవ్వితే ఆపలేకపోయేవాళ్లం" అంది.

సెప్టెంబరు 12

మాస్టారు ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు.

"మళ్లీ ఎప్పుడొస్తున్నావు?"

"రాను మాస్టారూ. అందరూ చూశారు."

"చూశారు. నేనూ చూశాను." ద్వారబంధం మీద చెయ్యి ఆనించారు. "మార్చిలోనే చూడాల్సింది నేను. నీ ఒళ్లు కరిగిపోతుంటే గడియారం చూస్తూ కూర్చున్నాను."

మెట్లు దిగడానికి ఆయనకి చాలా సమయం పట్టింది.

సెప్టెంబరు 24

వెళ్లాను. జట్టు వాళ్లు పలకరించారు. పొడుగు నా భుజం మీద చెయ్యి వేసి గేటు నుంచి లోపలికి తీసుకెళ్లింది, నేను వెనక్కి తిరిగి పారిపోతానేమోనని.

మైదానంలో సున్నంతో కొత్త గీత గీసి ఉంది. మామూలు గీతకి అవతల, షెడ్డుకి సరిగ్గా ఎదుటివైపు.

"ఇదేమిటి మాస్టారూ?"

"నీ గీత. ఇక్కడ మొదలుపెడితే ఆరువందలు షెడ్డు ముందు పడుతుంది. తలుపుకి పద్దెనిమిది అడుగులు. కొలిచాను."

"పోటీలో గీత జరగదు కదా."

"పోటీ సంగతి తర్వాత. ఇది నా మైదానం."

ఒక చుట్టు నడిచాను, అంతే.

సెప్టెంబరు 30

ఇవాళ రెండు చుట్లూ పరిగెత్తుతానని నేనే అన్నాను. మెల్లగా మొదలుపెట్టాను. కాళ్లు మర్చిపోలేదు. ఊపిరి మర్చిపోయింది. అయినా మొదటి చుట్టు అయ్యేసరికి నవ్వొచ్చింది.

ఆరువందల దగ్గర పట్టుకుంది. నాకు తెలుసు, పట్టుకుంటుందని. మాస్టారికీ తెలుసు. అందరూ చూస్తుండగానే దారి వదిలి షెడ్డు వెనక్కి వెళ్లాను. పద్దెనిమిది అడుగులు. సరిపోయాయి.

లోపల చాలాసేపు పట్టింది. చెమటలు. గోడకి తల ఆనించి కూర్చున్నాను. రక్తం ఉంది, కొద్దిగా. బయట మాటలు వినిపించాయి, తర్వాత వినిపించలేదు. అందరూ వెళ్లిపోయి ఉంటారు, వెళ్లిపోతే బాగుండు అనుకున్నాను.

తలుపు తీసి వచ్చేసరికి జట్టు వెళ్లిపోయింది. మాస్టారు ఒక్కరే తను గీసిన గీత దగ్గర, ఆ వంగని కాలి మీదే నిలబడి ఉన్నారు. చేతిలో గడియారం.

"ఏం చూస్తున్నావు?" అని అక్కణ్నుంచే అరిచారు. "ఇంకా రెండువందలుంది."

దారి వదిలిన చోటికి వెళ్లి నిలబడ్డాను. పరిగెత్తాను. వేగం లేదు, అందం లేదు, ఒక చెయ్యి కడుపు మీదే ఉంది. గీత దాటాను. ఆయన బొటనవేలితో గడియారం నొక్కారు.

"ఎంత?"

"ఇరవై నిమిషాల ఎనిమిది సెకన్లు."

"అది రాయకండి మాస్టారూ."

"రాసేశాను" అన్నారు.

అక్టోబరు 1

పొద్దున్నించి ఏడుసార్లు. మందు వేసుకున్నాను. నడుం లాగేస్తోంది. అమ్మ ఇవాళ వద్దంటోంది. వద్దంటూనే నా బూట్లు ఎండలో పెట్టింది.

మధ్యాహ్నం ప్రాక్టీసుంది.